పిల్లల చేపల పోటీలు ఉండాలి, ఆ తూకం సంచులు పోవాలి

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, మా డాలస్ చుట్టుపక్కల సరస్సుల దగ్గర పాత గొడవే మళ్ళీ మొదలవుతుంది. హైస్కూలు పిల్లల బాస్ ఫిషింగ్ (బాస్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టే) పోటీలు సరస్సులను పాడు చేస్తున్నాయి, వెంటనే ఆపేయాలని ఒక వర్గం. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి నీళ్ళ మీదకు వస్తుంటే మీకెందుకు కళ్ళమంట అని ఇంకో వర్గం. మా అమ్మాయి ఒక జట్టులో ఉంది కాబట్టి నేను రెండో వర్గంలో ఉండాలి. ఉన్నాను కూడా. కానీ మొదటి వర్గం చెప్పేదాంట్లో సగం అక్షరాలా నిజం. చిక్కేమిటంటే, వాళ్ళు ఆ నిజమైన సగాన్ని వదిలేసి మిగతా సగాన్ని పట్టుకుని అరుస్తున్నారు. మనవాళ్ళు ఆ అరుపులకు జవాబు చెప్పి గెలిచామనుకుంటున్నారు.

ఈ ఆట తెలియని వారికి రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో గాలం వేయడం బడి ఆటల్లో ఒకటి. ఇలినాయ్ 2009లో, కెంటకీ 2013లో దీనికి రాష్ట్రస్థాయి హైస్కూలు పోటీ మొదలుపెట్టాయి. టెక్సస్‌లో ఎక్కువగా క్లబ్బులుగా నడుస్తుంది. పడవకు ఇద్దరు పిల్లలు, నడపడానికి ఒక పెద్ద మనిషి. ఆయనను కెప్టెన్ అంటారు. కెప్టెన్ గాలం ముట్టకూడదన్నది నియమం. నోరు విప్పకూడదన్న నియమం కూడా ఉంటే ఇంకా బాగుండేది. ఇద్దరూ కలిసి ఐదు బాస్ చేపలను బతికుండగానే ఒడ్డుకు తేవాలి. ఎవరి ఐదు ఎక్కువ బరువు తూగితే వారు గెలిచినట్టు. తూకం అయ్యాక చేపలను మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఇంటికి వచ్చిన చుట్టాలంతా అడిగేది ఒకటే: "పట్టిన చేపను పులుసు పెట్టకుండా వదిలేయడమేమిటి?" ఆ ప్రశ్నలో అనుకున్న దానికంటే ఎక్కువ విషయం ఉంది. మళ్ళీ వస్తాను.

ముందు రద్దీ సంగతి. పోటీ రోజు తెల్లవారకముందే ర్యాంప్ (పడవలను నీళ్ళలోకి దింపే వాలు) దగ్గర ట్రక్కులు బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్క దాని వెనుక ట్రైలర్, దాని మీద ఇరవై అడుగుల పడవ. వెలుతురు వచ్చేసరికి పడవలన్నీ నీళ్ళలోకి దిగిపోతాయి. ఒడ్డున మిగిలేది పార్కింగ్ నిండా ఖాళీ ట్రైలర్లు. అప్పుడు వస్తాడు ఒక పెద్దాయన, చిన్న అల్యూమినియం పడవతో. ఆయనకు పోటీలతో పని లేదు. నాలుగు క్రాపీ చేపలు పట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతాడు. బండి నిలపడానికి జాగా దొరకక రెండు చుట్లు తిరిగి, తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళిపోతాడు. ఆయన తిట్లలో న్యాయం ఉంది. ర్యాంప్ అందరిదీ. ఆయన లైసెన్సు కొని వచ్చాడు, టెక్సస్‌లో పదిహేడేళ్ళు నిండని పిల్లలకు లైసెన్సే అక్కర్లేదు.

ఇక్కడ మనవాళ్ళు గబుక్కున ఒక లెక్క చెబుతారు, అదీ నిజమే. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలపు కర్రలు, రీళ్ళు, ఎరల మీద ప్రత్యేక పన్ను ఉంది. ఆ డబ్బు రాష్ట్రాల మత్స్య శాఖలకు చేరుతుంది. 1984లో పడవల ఇంధనం మీద పన్నును కూడా దానికి కలిపారు. మా గ్యారేజీలో ఉన్న ఎరల పెట్టెలు చూస్తే ఆ నిధికి మేమేమీ బాకీ లేమని ఎవరైనా ఒప్పుకుంటారు. సరే. పన్ను కట్టినంత మాత్రాన ర్యాంప్ మొత్తం మనదైపోతుందా? పెద్దాయన కూడా అదే పన్ను కట్టాడు కదా!

రద్దీకి మందు ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఒక పరిమాణం దాటిన పోటీకి సహజ వనరుల శాఖ అనుమతి తీసుకోవాలి. మిన్నెసోటాలో సరస్సు విస్తీర్ణాన్ని బట్టి ఎన్ని పడవలు దిగవచ్చు, నెలకు ఎన్ని పోటీలు పెట్టవచ్చు అన్నదానికి పరిమితులున్నాయి. ప్రభుత్వం చెప్పేదాకా ఆగకుండా పోటీలు నడిపేవారే ఆ పని చేయవచ్చు. పార్కింగులో మూడో వంతు మామూలు జనానికి వదిలేసి, మిగిలిన జాగాలో పట్టినన్ని పడవలకే పేర్లు రాసుకోండి. మిగతా జట్లను ఇంకో సరస్సుకు పంపండి. చెప్పడానికి ఇంతే. చేయకపోవడానికి కారణం కూడా ఇంతే చిన్నది: పడవలు ఎక్కువైతే రుసుము ఎక్కువ వస్తుంది, మైకు ముందు గొప్పగా చెప్పుకోవచ్చు.

ఇక ఫిర్యాదు చేసే సరస్సు ఒడ్డు బంగళాల వారికి ఒక మాట. వారాంతాల్లో మీ జెట్ స్కీలు, ఒడ్డును కోసేసే అలలు రేపే మీ వేక్ బోట్లు ఎవరి లెక్కలోకి వస్తాయి? శనివారం శనివారం డబ్బు పందేలతో సాగే పెద్దల పోటీలు ఏ లెక్కలోకి వస్తాయి? పిల్లలు బడి పేరున్న చొక్కాలు వేసుకుంటారు కాబట్టి దూరం నుంచే కనబడతారు. కనబడే వారిని తిట్టడం తేలిక.

నా అసలు తగాదా రద్దీతో కాదు, తూకంతో. పోటీలకు వెళ్ళే తల్లిదండ్రులు కూడా సరిగ్గా చూడని చోటు అది. ఉదయం ఏడింటికి పడిన చేప పడవలోని లైవ్‌వెల్ అనే తొట్టిలోకి వెళుతుంది. దానితో పాటు ఇంకో నాలుగు. ఇంకాస్త పెద్దది పడితే చిన్నదాన్ని వదిలేస్తారు. ఎక్కడో పట్టి ఇంకెక్కడో వదలడమన్నమాట. పడవ పరుగెత్తినంతసేపూ అవి తొట్టి గోడలకు కొట్టుకుంటూనే ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి వాటిని తీసి, కాసిని నీళ్ళతో ప్లాస్టిక్ సంచిలో వేస్తారు. పిల్లలు ఆ సంచులు మోసుకుంటూ ఎండలో వరుస కడతారు. ముందున్న జట్టు ఫొటో అయ్యేదాకా ఆగాలి. ప్రాణవాయువు గొట్టాలు పెట్టిన తొట్లు వరుస పొడవునా పెట్టే మంచి నిర్వాహకులు ఉన్నారు, లేరనను. అవి వరుస చివర ఒక్కటంటే ఒక్కటి ఉన్న చోట్లూ చూశాను. సంచి లోపలికి తొంగి చూడండి. నీళ్ళు జిగురుగా, నురుగుగా ఉంటాయి. పైన పడిన చేప మొప్పలు గబగబా ఆడుతుంటాయి. ఒంటి మీది జిగురు పొర చేతులకూ సంచికీ అంటి, పొలుసుల మధ్య ఎర్రటి మచ్చలు తేలి ఉంటాయి. తరువాత వేదిక మీద పెళ్ళికొడుకును ఊరేగించినట్టు దాన్ని రెండు చేతులా పైకెత్తి చూపిస్తారు. చప్పట్లు. నీళ్ళలో వదిలితే ఈదుకుంటూ పోతుంది. అందరి మనసూ తేలికపడుతుంది.

ఈదుకుంటూ పోయినంత మాత్రాన బతికినట్టు కాదు. పోటీల్లో చనిపోయే బాస్ చేపల మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ 1998లో జీన్ వైల్డ్ అనే శాస్త్రవేత్త ఒకచోట చేర్చి సమీక్షించారు. తూకం దగ్గర చచ్చిపోయేవి కొన్నే, వదిలిన తరువాతి రోజుల్లో చచ్చిపోయేవి వాటికంటే ఎక్కువ. నీరు వేడెక్కే కొద్దీ మరణాలు పెరుగుతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, చేపకు మాత్రం ఎక్కువ కావాలి. పెద్ద పోటీలు మనం పెట్టుకునేది మే నెలలో! మా వైపు అప్పటికి నీళ్ళు 27 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేస్తాయి. ఇంకో సంగతి, ర్యాంప్ దగ్గర వదిలిన చేపల్లో చాలా భాగం వారాల తరబడి ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. సరస్సు నలుమూలల నుంచి ఏరి తెచ్చిన పెద్ద చేపలన్నీ ఒక్క మూలన కుప్ప పడతాయి.

200 పడవలు, పడవకు ఐదు. అందరికీ పూర్తిగా పడితే ఒక్క రోజులో వెయ్యి చేపలు ఆ సంచుల గుండా వెళతాయి.

వసంతంలో ఇంకో గొడవ ఉంది. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 16 సెల్సియస్) దాటాక మగ బాస్ లోతు తక్కువ చోట తోకతో అడుగు ఊడ్చి గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పిల్లలు ఈదే దాకా కాపలా మగదే. అప్పుడది ఎరను నోట పట్టేది ఆకలితో కాదు, గూటి దగ్గరికి వచ్చిన దాన్ని తరిమేయడానికి. అందుకే తేలికగా దొరుకుతుంది. దాన్ని ఎత్తుకుపోయిన నిమిషాల్లోనే బ్లూగిల్ చేపలు గుంపుగా వచ్చి గుడ్లు తినడం మొదలుపెడతాయి. వెంటనే అక్కడే వదిలితే మగది చాలాసార్లు గూటికి తిరిగి వస్తుంది. ఎనిమిది గంటల తరువాత పదిహేను మైళ్ళ అవతల వదిలితే దేనికి వస్తుంది? టెక్సస్‌లో గుడ్ల కాలం నెలల తరబడి సాగుతుంది, కొన్ని గూళ్ళు పోయినా మొత్తం సంఖ్య తగ్గదు అనే వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయను. కెనడాలోని ఒంటారియోలో కాలం చిన్నది కాబట్టి చాలా చోట్ల వసంతంలో బాస్ వేట మూసేసి జూన్‌లో తెరుస్తారు. మనకు అంత అవసరం లేకపోవచ్చు. అవసరం లేదు కదా అని సరిగ్గా ఆ వారాల్లోనే ఇన్ని పోటీలు పేర్చుకోవాలా?

ఈ మాట అంటే మా తల్లిదండ్రుల గుంపులో ఒకాయన, "మనం తేదీలు మార్చడం అయ్యే పనేనా?" అన్నారు. ఆయనది కాకినాడ దగ్గర ఊరు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు వేటకు వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అక్కడ పడవ ఆగితే పొయ్యి ఆగుతుంది, అందుకే ప్రభుత్వం భృతి ఇస్తుంది. పూట గడవని మనిషి రెండు నెలలు ఒడ్డున కూర్చోగలిగినప్పుడు, ట్రోఫీ కోసం పోయే మన పిల్లలు మూడు వారాలు ఆగలేరా అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. టీ తాగి వెళ్ళిపోయారు.

ఇక విరుగుడు. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) పోటీల్లో ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతి ఉంది. మా అమ్మాయి ఒకసారి అలాంటి దాంట్లో పాల్గొంది. చేప పడగానే తడి చేసిన కొలతబల్ల మీద పడుకోబెట్టింది. మూతి అంచుకు ఆనించి, తోక దగ్గరకు నొక్కి, ఆ రోజు ఇచ్చిన గుర్తు చీటీ పక్కన పెట్టి ఫొటో తీసింది. వెంటనే పట్టిన చోటే వదిలేసింది. అంతా ఒక నిమిషంలోపే. అంగుళాలు కూడితే గెలుపు ఎవరిదో తేలుతుంది. ఇంకో మార్గం, పడవలోనే తూచి వదలడం. మేజర్ లీగ్ ఫిషింగ్ అనే సంస్థ వృత్తి పోటీలు అలాగే నడిపి చూపించింది. వాళ్ళు పడవకు ఒక అధికారిని ఎక్కిస్తారు. మన పడవల్లో ఖాళీగా కూర్చున్న కెప్టెన్ ఎలాగూ ఉన్నాడు. అతన్ని పక్క బడి పడవలోకి మార్చితే సరిపోతుంది.

టెక్సస్‌కు ఇది కొత్త కూడా కాదు. 1980లో ఆనకట్ట పూర్తయిన లేక్ ఫోర్క్ సుమారు 27,000 ఎకరాల సరస్సు. రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్ల బాస్ 1992 జనవరిలో పడింది అక్కడే. ఆ పేరు ఊరికే రాలేదు. 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను అక్కడ ఉంచుకోకూడదు, వదిలేయాల్సిందే. మరి పోటీ ఎలా పెట్టాలి? 2007లో టొయోటా టెక్సస్ బాస్ క్లాసిక్ అక్కడ జరిగినప్పుడు పడవల్లోనే తూచి వదిలేశారు. నియమం గట్టిగా ఉంటే దారి అదే దొరుకుతుంది.

"వేదిక లేకపోతే పిల్లలకు సరదా ఏముంది?" అంటారు. పడిన క్షణం కంటే సరదా ఏముంది? "ఫొటో అయితే మోసం చేస్తారు" అంటారు. 2022లో లేక్ ఎరీలో జరిగిన వాలై అనే చేపల పోటీలో చేపల పొట్టలు కోస్తే, బరువు పెంచడానికి దాచిన సీసపు గుండ్లు బయటపడ్డాయి. అది వేదిక, తూకం, జనం అన్నీ ఉన్న పోటీయే, పైగా పెద్దలది. ఫొటోలో దొంగతనం చేయడం సులువు కావచ్చు, పొట్టలో సీసం దాచడం మాత్రం కుదరదు.

ఇప్పుడు చుట్టాల ప్రశ్న. పట్టి తింటే తప్పా? కాదు. టెక్సస్‌లో చాలా చోట్ల 14 అంగుళాలు దాటిన బాస్‌ను రోజుకు ఐదు దాకా ఇంటికి తీసుకుపోవచ్చు. ఒడ్డున బకెట్టు పెట్టుకుని కూర్చున్న వియత్నాం తాతనో, మెక్సికో కుటుంబాన్నో, మన గుంటూరు బాబాయినో చేపలు చంపేవారన్నట్టు చూసే పడవ దొరలను చాలామందిని చూశాను. ఆ బాబాయి రెండు చేపలు తీసుకుని పులుసు పెట్టుకున్నాడు. చచ్చిన రెండూ తిండికి పనికొచ్చాయి. సంచిలో నలిగి మూడో రోజు చచ్చిపోయేవి ఎవరి పళ్ళెంలోకీ రావు.

నిజానికి పట్టి వదిలే అలవాటును పోటీలకు తెచ్చింది పోటీల మనిషే. బాస్ (B.A.S.S.) అనే పోటీల సంస్థను స్థాపించిన రే స్కాట్ 1972లో ఆ మార్పు చేసేదాకా చచ్చిన చేపలను తాడుకు గుచ్చి తూచేవారు. అప్పుడు కూడా ఇలాగే సణిగి ఉంటారు.

అన్నట్టు, పోటీ పెంచినా తగ్గించినా పడవ ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పోయేముందు కడిగి, నీళ్ళు ఒంపి, ఆరబెట్టండి. 2009లో లేక్ టెక్సోమాలో కనిపించిన, పడవల వెంట పాకే జీబ్రా గుల్లలు ఇప్పుడు మా చుట్టుపక్కల సరస్సుల్లో కాపురం పెట్టాయి. నీళ్ళు ఒంపడం రాష్ట్రమంతటా చట్టం కూడా.

వచ్చే నెల మా క్లబ్బు సమావేశంలో మూడు కోరికలు పెట్టబోతున్నాను: పార్కింగును బట్టి పడవల సంఖ్య, మార్చి చివరి నుంచి మూడు వారాల విరామం, అన్ని పోటీలకూ కొలతబల్ల. మొదటి రెండింటికి తలలు ఊపుతారు. మూడో దానికి అడ్డం పడేది బహుమతులిచ్చే దుకాణాలవారని నాకు ముందే తెలుసు. వారికి కావాల్సింది తమ పేరున్న పరదా ముందు చేప ఎత్తిన పిల్లల ఫొటో. కొలతబల్ల రెండడుగులకు పైగానే పొడవు ఉంటుంది, ప్రతి చేప ఫొటోలోనూ అది పడుతుంది. దుకాణం పేరు దాని మీద ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు.