వేలాడుతున్న కొస

ఇంట్లో ఇంటర్నెట్ చక్కగా నడుస్తున్న ఒక సెలవునాటి ఉదయం, దాన్ని నేనే ఆపాను. అందుకు కారణం దుమ్ము. రౌటరు, దాని పక్కన ఫైబర్ తీగలో వచ్చే వెలుగును రౌటరుకు అర్థమయ్యే విద్యుత్ సంకేతాలుగా మార్చే ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె, వాటి వెనక జడలు కట్టిన తీగలు కాపురముంటున్న అల్మారా పై అరను శుభ్రం చేయాలన్న సద్బుద్ధి నాకు పుట్టింది. తీగలను అలాగే ఉంచి చుట్టూ గుడ్డ తిప్పడం బద్ధకస్తుల పద్ధతి అని తీర్మానించి, ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నిటినీ ఊడదీశాను. "విప్పే ముందు ఒక ఫొటో తీసి పెట్టుకో నాన్నా" అని మా అమ్మాయి హెచ్చరించింది. నాలుగు తీగలు గుర్తుంచుకోవడానికి ఫొటో దేనికని నవ్వాను. ఆ నవ్వును సాయంత్రం దాకా ఆమె నాకు విడతలవారీగా తిరిగి చెల్లించింది.

అర తళతళలాడింది. ఇక తిరిగి కలపడమే మిగిలింది. అడాప్టర్లు రెండూ నల్లనివి, కవలల్లా ఉన్నవి. పిన్ను దూరినంత మాత్రాన అడాప్టరు నప్పినట్టు కాదని, వోల్టులు సరిగ్గా సరిపోవాలని, ఆంపియర్లు కావలసినదానికంటే తక్కువ కాకూడదని నాకు తెలుసు కనుక, వాటి వీపున చీమకాళ్ళంత అక్షరాలలో ఉన్న వివరాలను భూతద్దం పెట్టి చదివి, ఎవరి అడాప్టరును వారికి అప్పగించాను. ఆకుపచ్చ మూతి ఉన్న ఫైబర్ తీగ దగ్గర మరింత భక్తితో మెలిగాను. అందులో ఉన్నది సన్నని గాజు పోగు. దాన్ని గట్టిగా మడిస్తే లోపలి వెలుగు దారి తప్పి బయటికి జారిపోతుంది. దాని కొసను వేలితో తాకకూడదు, ఏమైనా కనబడుతుందేమోనని తొంగి చూడనూకూడదు, ఎందుకంటే అందులో వచ్చేది కంటికి కనబడని పరారుణ కాంతి. ఓఎన్‌టీ నుంచి వచ్చే తీగను రౌటరు వెనక వేరే రంగులో ఉన్న వ్యాన్ రంధ్రంలోనే, అంటే బయటి ఇంటర్నెట్ లోపలికి వచ్చే రంధ్రంలోనే పెట్టాను. ఇంతవరకు నా పనిలో తప్పు పట్టడానికి వీల్లేదని నేటికీ వాదిస్తాను.

అయితే చేతిలో ఒక తీగ మిగిలింది, మూరెడు పొడవుది. దాని రెండు కొసలూ ఖాళీ. ఊడదీసినప్పుడు ఇది ఎక్కడినుంచో ఊడి వచ్చినదే కాబట్టి, ఎక్కడో ఒకచోట ఉండి తీరాలన్నది నా తర్కం. రౌటరు వెనక, ఇంట్లోని పరికరాలను తీగతో కలపడానికి ఉన్న నాలుగు ల్యాన్ రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక కొసను మొదటిదానిలో పెట్టాను, టక్కుమంది. రెండో కొస గాలిలో వేలాడుతూ ఉండడం చూడముచ్చటగా లేనందువల్ల, దాన్ని పక్క రంధ్రంలో పెట్టాను, అదీ టక్కుమంది. అంత నిండుగా అమరిన తీగను నేను జీవితంలో చూడలేదు.

కరెంటు ఇచ్చాను. దీపాలన్నీ మునుపెన్నడూ లేనంత ఉత్సాహంగా, క్షణం తీరిక లేకుండా మిణుకుమిణుకుమనసాగాయి. దుమ్ము వదిలేసరికి యంత్రానికి ప్రాణం లేచి వచ్చిందని మురిసిపోతున్నంతలో, ఒక్కొక్క గది నుంచి ఒక్కొక్క ఆర్తనాదం వినబడింది. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు.

కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. "ఎర్ర దీపం ఏమైనా వెలుగుతోందా సార్?" అని ఆ అబ్బాయి అడిగాడు. లేదు, ఎర్ర దీపం వెలిగితే ఫైబరులో వెలుగు రావడం లేదని అర్థమట, మాకు ఆ యోగం కూడా లేదు. రెండు పెట్టెలనూ ఆపి, 30 సెకన్లు ఆగి, ముందు ఓఎన్‌టీని, దాని దీపం నిలకడగా వెలిగాక రౌటరును పెట్టమన్నాడు. పెట్టాను. మళ్ళీ అదే ఉత్సాహం, అదే శూన్యం. మూడోసారి కూడా ఆపి పెట్టాక, పక్కనున్న చిన్న రంధ్రంలో సూది గుచ్చి రీసెట్ చేద్దామా అని నేనే అడిగాను. అతడు కంగారుపడి, అలా చేస్తే లోపల రాసి ఉన్న పేరు, సంకేతపదం సహా అన్నీ చెరిగిపోతాయని, రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు అని బతిమాలాడు.

అప్పుడు మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి చూసింది. దాని ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్కులో ఆ యంత్రాన్ని గుర్తించే అంకెల వరుస, 169.254తో మొదలవుతోందట. రౌటరును చిరునామా అడిగి, ఎంతసేపటికీ జవాబు రాక, విసిగిపోయిన కంప్యూటరు తనకు తానే తగిలించుకునే చిరునామా అది. "పక్కనే ఉన్న రౌటరు పలకడం లేదంటే..." అంటూ ఆమె అల్మారా వెనక్కి వంగింది. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

నేను చేసిన ఘనకార్యాన్ని ఆమె ఇలా వివరించింది. ఇంట్లోని ఏ పరికరమైనా "ఫలానా చిరునామా గలవారు ఎవరండీ?" అని చాటింపు వేస్తే, రౌటరు ఆ చాటింపును, అది వచ్చిన రంధ్రంలోకి తప్ప మిగిలిన అన్ని రంధ్రాలలోకీ పంపుతుంది. నా తీగ పుణ్యమా అని, మొదటి రంధ్రం నుంచి వెళ్ళిన చాటింపు రెండో రంధ్రం గుండా ఇంటికే వచ్చి, కొత్త చాటింపుగా చలామణి అయి, మళ్ళీ బయలుదేరింది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని మోసే మూట అయిన ఐపీ ప్యాకెట్టుకైతే ఆయుష్షు అంటూ ఒక అంకె ఉంటుంది, రౌటరు దాటిన ప్రతిసారీ అది ఒకటి తగ్గుతుంది, సున్నా కాగానే ప్యాకెట్టు తనువు చాలిస్తుంది. ఇంటి తీగలలో ఈ చాటింపులను మోసుకుపోయే ఈథర్‌నెట్ ఫ్రేములనే మూటలకు అలాంటి అంకె లేదు, అవి చిరంజీవులు. అందువల్ల అవి గానుగెద్దులా తిరిగాయి. ఎద్దు ఒక్కటే కాక, ప్రతి చాటింపుకూ ఒక ఎద్దు వచ్చి చేరింది. నేను మురిసిపోయిన దీపాల ఉత్సాహం ఆ తొక్కిసలాట. ఆపి పెట్టడం వల్ల ప్రయోజనం లేకపోవడానికీ అదే కారణం: కరెంటు లేనంతసేపు గానుగ ఆగింది, రాగానే తిరిగింది.

ఇటువంటి వలయాలు ఏర్పడితే ఒక దారిని మూసివేసే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు 1985లోనే రూపొందించి, దానిమీద ఒక చిన్న కవిత కూడా రాశారట. మా రౌటరుకు కవిత్వాభిరుచి ఉన్నట్టు లేదు.

ఆమె ఒక కొసను లాగింది. అంతే. ఫోను అవతల ఇంకా ఓపికగా వేచి ఉన్న అబ్బాయి సమస్య ఏమిటో చెప్పమన్నాడు, నివేదికలో రాయాలట. దుమ్ము అని చెప్పాను.

ఆ మూరెడు తీగ ఇప్పుడు సొరుగులో ఉంది. దాని రెండు కొసలూ ఖాళీగానే ఉన్నాయి. ఆ సొరుగు తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు.