జవాబు అందని గడియారం

గేటు దగ్గర పెట్టిన కెమెరా టైము అడుగుతోంది. రెండు సెకన్లు ఆగి మళ్లీ అడుగుతోంది. మొన్న రౌటర్ లాగ్ (రాకపోకల చిట్టా) తెరిస్తే పేజీల కొద్దీ అదే వరుస: కెమెరా చిరునామా, నెట్‌లో టైము చెప్పే కంప్యూటర్, అంటే బయటి టైమ్ సర్వర్ చిరునామా, టైము ప్రశ్నలు వెళ్లే ద్వారం పోర్ట్ 123. కెమెరాలో వైరస్ చేరిందేమోనని మొదట భయపడ్డాను. తీరా చూస్తే అన్నీ వెళ్లిన ప్రశ్నలే, తిరిగి వచ్చిన జవాబు ఒక్కటీ లేదు. కిందటి నెల భద్రత కోసమని ఫైర్‌వాల్‌లో (రాకపోకలను వడకట్టే కాపలా ప్రోగ్రామ్‌లో) నేను చేర్చిన నిబంధనే ఆ జవాబులను గుమ్మంలో ఆపేస్తోంది.

మితిమీరి అడిగే పరికరం చాలాసార్లు జవాబు అందని పరికరమే. అందుకే దాని నోరు నొక్కేయడం సరైన వైద్యం కాదని నా అభిప్రాయం. నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ పద్ధతి ప్రకారం పరికరంలోని గడియారం మొదట 64 సెకన్లకోసారి అడుగుతుంది, కుదురుకున్నాక 1024 సెకన్ల దాకా విరామం పెంచుకుంటుంది. అంటే రోజుకు 84 ప్రశ్నలు చాలు. అదే సెకనుకోసారి అడిగితే 86,400.

అలాంటి పరికరాలు లక్షల్లో ఉంటే ఏమవుతుందో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2003లో చవిచూసింది. నెట్‌గేర్ అనే కంపెనీ తాను తయారుచేసిన కొన్ని రౌటర్లలో ఆ విశ్వవిద్యాలయపు టైమ్ సర్వర్ చిరునామాను నేరుగా రాసిపెట్టింది. జవాబు రాకపోతే సెకనుకోసారి అడగమనీ రాసింది. మే నెలలో ప్రశ్నల వరద మొదలైంది. విశ్వవిద్యాలయం ఆ ప్రశ్నలను అడ్డుకున్నా తగ్గలేదు. జవాబు దొరకని రౌటర్లు అడుగుతూనే ఉన్నాయి. జూన్ నాటికి సెకనుకు రెండున్నర లక్షల ప్యాకెట్లు (ఒక్కో ప్రశ్నను మోసే చిన్న డేటా పొట్లాలు) దాటాయి. ఒక్కో ప్రశ్న 48 బైట్లే, అయినా ఒక విద్యాసంస్థ నెట్‌వర్క్ ఆ బరువు మోయాల్సి వచ్చింది.

మన ఇళ్లలోని పరికరాల్లో చాలావాటికి టైము చెప్పే ఉమ్మడి సర్వర్ల సమూహం ఎన్‌టీపీ పూల్‌లోనూ ఎక్కువ సర్వర్లు స్వచ్ఛంద సేవకులు నడిపేవే. వస్తువు అమ్ముకునే కంపెనీ ఆ సేవను ఉచితంగా వాడుకుంటూ, జవాబు రానప్పుడు విరామం పెంచుకునే నాలుగు వరుసల ప్రోగ్రామ్ కూడా రాయకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. 'నెమ్మదించు' అని సర్వర్ చెప్పే సంకేతం కూడా ఎన్‌టీపీలో ఉంది. దాన్ని లెక్కచేయని పరికరాన్ని అమ్మకానికి పెట్టకూడదు.

మన వైపు నుంచి చేయగలిగింది తక్కువేమీ కాదు. ముందు లాగ్‌లో ఎవరు అడుగుతున్నారో, జవాబు వస్తోందో లేదో చూడాలి. కొన్ని రౌటర్లు తామే టైమ్ సర్వర్‌గా పనిచేయగలవు. ఆ సౌకర్యం ఉంటే ఇంట్లోని పరికరాలకు ఆ చిరునామానే డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్‌వర్క్ వివరాలు అందించే పద్ధతి) ద్వారా ఇవ్వవచ్చు. అయితే చాలా కెమెరాలు, టీవీలు ఆ సూచనను పట్టించుకోవు, తమలో రాసి ఉన్న పేరునే వెతుక్కుంటాయి. నా కెమెరాదీ అదే ధోరణి. చివరికి పోర్ట్ 123 మీద బయటికి పోయే ప్రశ్నలను రౌటర్ వైపే మళ్లించే నిబంధన రాశాను. పాతదాన్ని తీసేశాను.

ఇప్పుడు కెమెరా అడిగినదానికి రౌటరే జవాబిస్తోంది. రౌటర్ మాత్రం 17 నిమిషాలకోసారి బయటికి వెళ్లి టైము సరిచూసుకు వస్తోంది.