జుట్టు రంగు తీసేద్దామనుకుంటున్నారా, ముందు వేసిందేంటో చూడండి

వేసుకున్న హెయిర్ కలర్ నచ్చకపోతే చాలామంది వెంటనే ఇంకో డబ్బా తెచ్చి దాని మీదే వేసేస్తుంటారు. నల్లగా అయిపోయిన జుట్టు మీద లైట్ బ్రౌన్ వేస్తే బ్రౌన్ వచ్చేస్తుందనుకుంటారు, రాదండి, డై మీద డై వేస్తే కిందున్న రంగు తేలికవ్వదు, పైగా కొత్తగా పెరిగిన కుదుళ్ళ దగ్గర మాత్రమే పట్టి రెండు షేడ్లు కనిపిస్తాయి. రంగు ఎలా తీయాలన్నది అసలు ఏ రంగు వేశారన్నదాన్ని బట్టే ఉంటుంది, ఆ సంగతి డబ్బా చూస్తే అర్థం కాకపోవడమే నా బాధ.

టెంపరరీ రంగు వెంట్రుక పైనే ఉంటుంది, ఒకట్రెండు తలస్నానాలకి పోతుంది. సెమీ పర్మనెంట్‌లో పెరాక్సైడ్ (రంగుని లోపల గట్టిగా పట్టించే రసాయనం) ఉండదు కాబట్టి క్లారిఫయింగ్ షాంపూతో, అంటే పేరుకున్నదంతా గట్టిగా కడిగే షాంపూతో, మెల్లగా వెలిసిపోతుంది, బ్లీచ్ చేసిన జుట్టు మీద వేసిన నీలం, ఆకుపచ్చ అయితే కాస్త మొండికేస్తాయి.

పర్మనెంట్ డై కథ వేరు. అమోనియా వెంట్రుక పైపొరని తెరుస్తుంది, పీపీడీ (పారా ఫినైలీన్ డయామైన్ అనే డై రసాయనం) లాంటి చిన్న అణువులు లోపలికి దూరి పెరాక్సైడ్‌తో కలిసి పెద్దవైపోతాయి, ఇక బయటికి రాలేవు. దీనికి సల్ఫర్ రకం కలర్ రిమూవర్ ఉంది, అది ఆ పెద్ద అణువుల్ని మళ్ళీ చిన్నవి చేస్తుంది, కానీ అవి నీళ్ళతో పూర్తిగా బయటికి పోవాలి. కుళ్ళిన గుడ్డు వాసనకి తట్టుకోలేక త్వరత్వరగా కడిగేస్తే మిగిలినవి గాలి తగిలి ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ నల్లబడతాయి, అప్పుడు రిమూవర్ పనిచేయలేదని తిట్టుకుంటారు. ఇంకోటి, డై పోయినా పాత జుట్టు రంగు తిరిగి రాదు, పెరాక్సైడ్ మీ జుట్టుకి రంగునిచ్చే సహజ మెలనిన్‌ని కూడా కొంత తినేసి ఉంటుంది, ఎర్రగానో నారింజగానో కనిపిస్తుంది.

హెన్నాకి ఈ రిమూవర్ పనిచేయదు, అందులోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని ప్రొటీన్ అయిన కెరాటిన్‌కే అతుక్కుంటుంది. ఇండిగో (నీలిమందు ఆకు పొడి) కూడా కలిసుంటే బ్లీచ్ పెట్టాక ఆకుపచ్చ తేలొచ్చు. కొన్ని పొడుల్లో లోహ లవణాలుంటాయి, వాటి మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోతుంది కూడా, అందుకే దువ్వెనకి వచ్చిన నాలుగు వెంట్రుకల్ని గాజు గిన్నెలో డెవలపర్ (పెరాక్సైడ్ ఉండే ద్రవం), బ్లీచ్ పొడి కలిపి అందులో వేసి చూడండి, వేడెక్కినా పొగ వచ్చినా తలకి పెట్టొద్దు.

ఇవన్నీ కొనేవాళ్ళే కనిపెట్టుకోవాలా? డబ్బా ముందు 'హెర్బల్', 'అమోనియా ఫ్రీ' అని పెద్దక్షరాలు, పీపీడీ మాత్రం వెనక చీమ తలకాయంత. అమోనియా లేదంటే చాలాసార్లు దాని బదులు ఇథనోలమైన్ ఉంటుంది, పెరాక్సైడ్ ఎలాగూ ఉంటుంది. 'బ్లాక్ హెన్నా' పేరుతో వచ్చేవాటిలో పీపీడీ ఉండటం మామూలే, అలర్జీ ఉన్నవాళ్ళకి ముఖమంతా వాచిపోతుంది. కడిగితే పోతుందా పోదా, పీపీడీ ఉందా లేదా, ఈ రెండూ ముందువైపే పెద్దగా వేయాలని రూల్ పెట్టాలి. అప్పటిదాకా రంగు వేసుకునే 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద కొంచెం రాసి చూడటం) మానొద్దు.

ఇక బ్లీచ్ అంటే ఆఖరి మాట, ఇంట్లో 40 వాల్యూమ్ డెవలపర్, అంటే 12 శాతం పెరాక్సైడ్, జోలికి పోకండి. బట్టల బ్లీచ్ అయితే అసలు ఆలోచించొద్దు, అది వెంట్రుకనే కరిగించేస్తుంది. తడి వెంట్రుక లాగితే రబ్బరులా సాగుతోందంటే అక్కడితో ఆపేసి, నెలకి సుమారు ఒక సెంటీమీటర్ పెరిగే కొత్త జుట్టు కోసం ఆగి, చివర్లు కత్తిరించుకుంటూ పోవడమే దారి.