ఇబలోయ్‌లను ‘మలయులు’ కొండల్లోకి తరిమారన్న కథకు ఆధారం లేదు

ఫిలిప్పీన్స్ గురించి తెలుగులో వచ్చే యాత్రా వీడియోల కింద, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఒక కథ పదేపదే కనిపిస్తోంది. మన పిల్లలు చాలామంది అక్కడ మెడిసిన్ చదువుతున్నారు కాబట్టి ఇది ఇక్కడ ఇంకా వేగంగా పాకుతోంది. కథ ఇది: ఆ దీవులకు ముందు పొట్టిగా, నల్లటి ఒంటితో ఉండే నెగ్రిటోలు వచ్చారు. తర్వాత ‘ఇండొనేసియన్లు’ అనే జాతి వచ్చింది. ఆఖర్న వాళ్లకంటే నాగరికులైన ‘మలయులు’ వచ్చి, ముందున్నవాళ్లను కొండల్లోకి తరిమేశారు. లూజాన్ దీవి ఉత్తర భాగంలోని కార్డిలేరా కొండల్లో ఉండే ఇగోరోట్లు అలా ఓడిపోయినవాళ్లే. వాళ్లంతా ఒకటే తెగ, లిపి లేని ఒకటే యాస, బయటి లోకం మొహం చూడని బతుకు. అందుకే వాళ్లు అసలైన ఫిలిప్పీనోలు కారు.

ఈ మాటలు మనసుకు కష్టం కలిగిస్తాయి, పైగా తప్పు. కొండల మీద ఒక్క జనాన్ని, బెంగెట్ ప్రావిన్సు దక్షిణ భాగంలో, బాగియో చుట్టుపక్కల ఉండే ఇబలోయ్‌లను తీసుకుని చూస్తే చాలు, కథ ఎక్కడ తెగిపోతుందో తెలుస్తుంది.

ముందు ఈ ‘అలల’ సిద్ధాంతం ఎవరిదో చూద్దాం. 20వ శతాబ్ది మొదటి సగంలో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం బోధించిన అమెరికన్ హెన్రీ ఓట్లీ బేయర్ దీన్ని ప్రచారంలో పెట్టాడు. మనుషుల ఎత్తు, రంగు, ముక్కు తీరు, పనిముట్లు చూసి జనాన్ని అలలుగా విడగొట్టాడు. అది బడి పుస్తకాల్లోకి ఎక్కి దశాబ్దాలపాటు దిగలేదు. తర్వాత ఫిలిప్పీనో పండితుడు లాండా హొకానో, కార్డిలేరాలోనే జీవితం గడిపిన చరిత్రకారుడు విలియం హెన్రీ స్కాట్ దాన్ని విప్పి చూసి, లోపల పురావస్తు ఆధారం లేదని తేల్చారు. ఇఫుగావ్ అనే కొండ ప్రాంతంలోని వరిమడుల మెట్లు రెండు మూడు వేల ఏళ్లనాటివని చెప్పింది కూడా బేయరే. ఈమధ్య తవ్వకాల్లో, అక్కడ మడికట్టి వరి పండించడం స్పానిష్ వాళ్లు దిగిన తర్వాతి కాలంలో ఊపందుకుందని తేలుతోంది.

ఇక అసలు విషయం, భాష. కొండ మీద ఒక జాతి, పల్లంలో వేరే జాతి అయితే భాషలు కూడా అలాగే చీలాలి కదా! అలా చీలలేదు. ఇబలోయ్ భాషకు దగ్గరి చుట్టాల్లో ఒకటి పంగాసినాన్, అంటే లింగాయెన్ సింధుశాఖ ఒడ్డున, సముద్రమట్టాన మాట్లాడే భాష. భాషాశాస్త్రజ్ఞులు ఈ కుదురును దక్షిణ కార్డిలేరా శాఖ అంటారు. ఇందులో ఇబలోయ్, కరావ్, కలాంగుయా, ఇలోంగోత్‌లాంటి కొండ భాషలూ, పల్లపు పంగాసినాన్ కలిసే ఉన్నాయి. ‘ఒకటి’కి ఇబలోయ్‌లు సకెయ్ అంటారు, పంగాసినాన్‌లోనూ సకెయ్యే. అదే పల్లపు భాషలైన ఇలోకానోలో మైసా, తగలోగ్‌లో ఇసా. ఒకటి తేడా అయినా ‘ఏడు’ దగ్గరికొచ్చేసరికి అందరూ కలుస్తారు: ఇబలోయ్, పంగాసినాన్, ఇలోకానో, తగలోగ్ అన్నిట్లో పితో. హిందూ మహాసముద్రం దాటితే మడగాస్కర్‌లో ఫితు, పసిఫిక్ దక్షిణాన మావోరీలో కూడా దాదాపు ఫితు. సుమారు 1,200 భాషల ఆస్ట్రోనేషియన్ కుటుంబం ఇది. కొండవాళ్లూ పల్లంవాళ్లూ ఒకే ఇంటి మనుషులు.

తెలుగువాళ్లం దీన్ని ఇట్టే అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మన భాష కథ కూడా ఇదే. భద్రిరాజు కృష్ణమూర్తిగారు చూపించిన వర్గీకరణలో తెలుగు ఉండేది తమిళ, కన్నడాల శాఖలో కాదు. గోండి, కుయి, కువి, అరకు వైపు కొండదొరలు మాట్లాడే కూబి ఉన్న శాఖలో. గోదావరి డెల్టాలో మాట్లాడే భాషకు దగ్గరి బంధువులు కొండల మీద ఉన్నారు. అంతమాత్రాన వాళ్లను మనం తరిమేశామని ఎవరూ అనరు.

‘అంతా ఒకటే తెగ, ఒకటే యాస’ అన్న మాట కూడా ఇక్కడే పడిపోతుంది. ఇగోరోట్ అంటే కొండవాళ్లు అని, అంతే. ఆ పేరు కింద ఇబలోయ్, కంకనాయ్, బొంతోక్, ఇఫుగావ్, కలింగ, ఇస్నెగ్, ఇత్నెగ్ జనాలను కలిపేస్తారు. ఇఫుగావ్‌లలో, కలింగల్లో చాలామందికి ఆ పేరంటేనే ఇష్టం ఉండదు. బెంగెట్‌లోనే ఉత్తరాన కంకనాయ్‌లు, దక్షిణాన ఇబలోయ్‌లు. కానీ కంకనాయ్ వేరే శాఖ, మధ్య కార్డిలేరా. అంటే పక్క కొండ మీది కంకనాయ్ కంటే కింద ఒడ్డునున్న పంగాసినానే ఇబలోయ్‌కి దగ్గర. (కలింగ పేరు చూసి మన కళింగంతో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. పేరు పోలిక తప్ప ఇంకేం లేదు. పొరుగు భాషల్లో ఆ మాటకు శత్రువు, తలలు నరికేవాడు అని అర్థం.)

లిపి లేకపోతే యాసేనన్న వాదానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. భాషకు వ్యాకరణం ఉంటుంది, లిపి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇబలోయ్ మీద జర్మన్ పండితుడు ఒట్టో షేరర్ రాసిన అధ్యయనం 1905లోనే అచ్చయింది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ దీవులకు వలసలు ఒక్కసారే జరగలేదు. 2021లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనం ప్రకారం కార్డిలేరా జనాల్లో నెగ్రిటో రక్తం దాదాపు కలవలేదు, వాళ్ల పూర్వీకులు తైవాన్, దక్షిణ చైనా వైపునుంచి వరి సేద్యం స్థిరపడకముందే వచ్చి ఉంటారు. దీన్ని చూపించి ‘చూశారా, వేరే జాతి’ అంటున్నారు. అధ్యయనం చెప్పింది అది కాదు. తైవాన్ వైపునుంచి వచ్చిన ఆ మూలం పల్లపు ఫిలిప్పీనోల్లోనూ ఉంది, కాకపోతే అక్కడ ఇతరులతో ఎక్కువ కలిసింది.

మరి బయటి లోకం తెలియదన్న మాట? ఇబలోయ్‌లది బంగారు నేల. ఇతోగోన్ వైపు వాగుల్లో బంగారం కడిగేవాళ్లు, రాయిలో సొరంగాలు తవ్వేవాళ్లు. ఆ బంగారం పంగాసినాన్ సంతలకు దిగేది. బదులుగా ఉప్పు, పందులు, బట్టలు, తర్వాతి కాలంలో పశువులు కొండెక్కేవి. ఆ వ్యాపారం మీద బలిసిన కామందులను అక్కడ బక్‌నాంగ్‌లు అంటారు. కబాయన్ గుహల్లో పొగబెట్టి ఆరబెట్టిన శవాలు పైన్ దుంగల పెట్టెల్లో ఉన్నాయే, అవి ఎక్కువగా ఇలాంటి కలిగిన కుటుంబాల పెద్దలవే. ఆ బంగారం కోసమే స్పానిష్ దండు 1620లో ఒకసారి, 1624లో ఇంకోసారి కొండెక్కింది. గనుల దాకా వెళ్లింది, నిలబడలేక దిగింది. స్పానిష్ పన్నులు, వెట్టిచాకిరీ తప్పించుకోవడానికి పల్లంనుంచి పైకి పోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను కొండెక్కించింది స్పెయిన్. బేయర్ చెప్పిన మలయులు కాదు.

చివరి మాట, ‘ఫిలిప్పీనోలే కారు’ అన్నది. ఇది వీడియోల్లో పుట్టింది కాదు. ఇగోరోట్లు ఫిలిప్పీనోలు కారు, మా రక్తం వేరని 1943లో ఫిలిప్పీనో నాయకుడు కార్లోస్ రోములోలాంటి పెద్దమనిషే అచ్చులో రాశాడు. ఇలాంటి మాటల వెనకాల భూమి ఉంటుంది. ఒకసారి ‘ఎక్కడినుంచో పారిపోయొచ్చినవాళ్లు’ అని ముద్ర పడితే, కాళ్లకింది నేల ఎవరిదైనా కావచ్చు. బాగియోలో మతేవో కరీన్యో అనే ఇబలోయ్ పెద్దకు సరిగ్గా అదే జరిగింది. ఆయన తాత అక్కడ 146 హెక్టార్ల భూమిలో కాపురం ఉండి, పశువులు దాటిపోకుండా కంచె కట్టాడు. తండ్రి కొంత దున్నాడు, మిగతాది మేతకు వదిలాడు. అప్పట్లో ఆ దీవులను ఏలుతున్న అమెరికా ప్రభుత్వం అదంతా సర్కారు భూమి అంది. కరీన్యో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1909 ఫిబ్రవరి 23న జస్టిస్ హోమ్స్ ఆయన పక్షాన తీర్పు రాశాడు: జ్ఞాపకం అందినంత కాలంనుంచి సొంతమని అనుభవిస్తున్న భూమి ఏనాడూ ప్రభుత్వానిది కాదనే అనుకోవాలి.

ఆ తీర్పు సూత్రం మీదే ఫిలిప్పీన్స్‌లో 1997 నాటి ఆదివాసీ హక్కుల చట్టం నిలబడింది. కానీ అదే చట్టం 78వ సెక్షన్ బాగియో నగరాన్ని పక్కన పెట్టింది. అక్కడ నగరం కోసం కేటాయించిన (టౌన్‌సైట్) భూములు నగర చార్టర్ (నగరపాలన చట్టం) కిందే ఉంటాయని రాశారు. ఏ నేల మీద ఆ సూత్రం పుట్టిందో, ఆ నేల మీదే ఇబలోయ్ కుటుంబాలు తమ హక్కును వేరే రుజువు చేసుకోవాల్సి వస్తోంది.