సవరణ: పాము కాటు సీన్ గురించి నేను చెప్పింది తప్పు

మొన్న కథల్లో పాము కాటు ఎలా రాయాలో చెప్తూ, కాటుకి పైన తాడు బిగించి బ్లేడుతో కోసి రక్తం పీల్చేస్తే మనిషి బతుకుతాడని, కట్లపాము కరిస్తే వెంటనే ఒళ్లు నీలంగా మారి నురగ వస్తుందని రాశాను కదా, రెండూ తప్పే, సారీ.

తాడు గట్టిగా బిగిస్తే కాలే పోవచ్చు. కోసి పీల్చినా విషం బయటికి రాదు, పైగా రక్తపింజర కాటైతే రక్తం గడ్డకట్టదు కాబట్టి ఆ కోసిన చోట కారుతూనే ఉంటుంది. కాలు కదలకుండా కర్రతో కట్టి మోసుకెళ్లడమే కరెక్టు.

కట్లపాము సంగతి అసలు వేరు. రాత్రి నేల మీద పడుకున్నోళ్లని కరుస్తుంది, నొప్పి వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు, చాలామందికి తెల్లవారుజామున కడుపునొప్పితో మెలకువ వస్తుంది, తర్వాత రెప్పలు వాలిపోయి మాట ముద్దగా వచ్చి మింగలేక చివరికి ఊపిరి కండరాలు పనిచెయ్యవు, లోపల స్పృహ ఉన్నా కళ్లు తెరవలేకపోవచ్చు. నురగ కంటే ఇది ఎంత భయంకరమో చూడండి.

ఆస్పత్రి సీన్‌లో పాముని చంపి తేనక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే యాంటీవెనమ్ (విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. పింజర అనుమానముంటే డాక్టర్ 2 ఎంఎల్ రక్తం గాజు ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు, గడ్డకట్టకపోతే మందు మొదలు.

నా పాత పోస్టు చూసి సీన్ రాసుకున్నవాళ్లు ప్లీజ్ మార్చండి, ఊళ్లల్లో కథ చదివి నిజంగానే తాడు బిగిస్తారు.