కప్పు మనదే అన్నారు, క్లబ్బు ఎవరిదో చెప్పలేదు

ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ మాటెత్తితే చాలు, అందరూ 2022 మార్చి 20 దగ్గరే ఆగిపోతారు. గోవాలో ఫతోర్దా స్టేడియం, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపిన బంతులు, చివరికి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు. ఆ రాత్రి గొంతు పోయేలా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడా క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం ఛాతీ విరుచుకుని చెప్పుకోవాల్సిన సీజన్ అది కాదనిపిస్తుంది. దాని తర్వాతది. ఏ కప్పూ రాని 2022-23. ముంబై సిటీని తరుముతూ తరుముతూ రెండో స్థానంలో ఆగిపోయిన ఏడాది.

ఇండియన్ సూపర్ లీగులో అప్పట్లో ఉన్న తిరకాసు అభిమానులకు తెలిసిందే. ప్రతి జట్టూ మిగతా జట్లన్నింటితో రెండేసి సార్లు ఆడాక పాయింట్ల పట్టికలో మొదట నిలిచినవాళ్లకు షీల్డ్ ఇచ్చేవారు. తర్వాత పైనున్న జట్లతో ప్లేఆఫ్‌లు ఆడించి, ఫైనల్ గెలిచినవాళ్లను ఛాంపియన్ అనేవారు. అసలు షీల్డ్ అనేదే 2019-20లో గానీ రాలేదు. అంతకుముందు ఐదు సీజన్లు పట్టికలో అందరికంటే పైనున్నవాళ్లకు ఎత్తి చూపించుకోవడానికి ఏమీ లేదు. వచ్చాక కూడా దానికి సవతి బిడ్డ మర్యాదే. 2021-22లో షీల్డ్ గెలిచిన జంషెడ్‌పూర్‌కు మూడున్నర కోట్లు, ఆ పట్టికలోనే అయిదు పాయింట్లు వెనకబడి ఫైనల్ గెలిచిన మనకు ఆరు కోట్లు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) లెక్క మాత్రం ఇంకోలా ఉంది. 2023లో ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లే దారి షీల్డ్ వాళ్లకు దక్కింది, కప్పు వాళ్లకు దాని కింది పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ దారి చూపించారు. ముంబై ఆ పైదారి పట్టుకుని వెళ్లి సౌదీ జట్టు అల్ హిలాల్‌తో ఆడింది. ఏ గెలుపు పెద్దదో బయటివాళ్లకు తెలుసు, మనకే తెలియలేదు.

సరే, ఆ పోటీ సంగతి చూద్దాం. 2022 అక్టోబరు 9న సీజన్ మొదటి మ్యాచే ముంబైతో. 3-3 డ్రా. అక్కణ్నుంచి కోచ్ మనోలో మార్కెజ్ జట్టు ఎక్కువగా ఒంటి గోల్ విజయాలతోనే మెట్టు మెట్టు ఎక్కింది. వెనక ఒనాయిండియా, చింగ్లెన్సనా సింగ్ గోడ కట్టేవారు, మధ్యలో జోవావ్ విక్టర్ ఆట వేగాన్ని తన చేతిలో పెట్టుకునేవాడు, ముందు 38 ఏళ్ల బార్తలోమ్యూ ఓగ్బెచే ఎప్పుడో ఒకసారి దొరికే సందు కోసం కాచుక్కూర్చునేవాడు. చూడటానికి కళ్లు చెదిరే ఆట కాదది. ఒక గోల్ కొట్టాక ఆటను చల్లార్చేసేవాళ్లు, ఎదుటి జట్టుకు విసుగు పుట్టేదాకా. నవంబరు మధ్యకు పట్టికలో మొదటి స్థానం హైదరాబాద్‌దే.

పోటీ చేజారింది ఫిబ్రవరిలో అని చాలామంది రాశారు. ఫిబ్రవరి 11న ముంబై గోవాను 5-3తో ఓడించి షీల్డ్ ఖాయం చేసుకుంది కాబట్టి అలా అనిపించడం సహజం. నా లెక్కలో అది నవంబరులోనే, ఒక్క వారంలోనే పోయింది. 19న గచ్చిబౌలిలో కేరళ చేతిలో 0-1. 26న కోల్‌కతాలో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో 0-1. రెండింట్లోనూ మొదటి ఇరవై నిమిషాల్లోపే గోల్ ఇచ్చేశారు, మిగిలిన డెబ్బై నిమిషాలూ తలుపు తడుతూనే ఉన్నారు, ఎవరూ తీయలేదు. ఒంటి గోల్ మీద బతికే జట్టుకు ఉండే రోగమే ఇది. ఆధిక్యాన్ని కాపాడటం తెలుసు, వెనకబడితే దూసుకెళ్లడం తెలియదు.

ఆ కేరళ మ్యాచ్‌లో ఇంకో తమాషా. వాళ్ల రంగూ పసుపే, మన రంగూ పసుపే. స్టాండ్లలో పసుపు చొక్కాల గుంపు చూసి మనవాళ్లు ఇంతమంది వచ్చారా అని మురిసిపోయే లోపు కేరళ ఆటగాడు డయమంటకోస్ గోల్ కొట్టాడు. అప్పుడు లేచి ఎగిరినవాళ్లను చూస్తే గానీ ఎవరి పసుపు ఎవరిదో తేలలేదు.

లెక్క చూడండి. సీజన్ ముగిసేసరికి ముంబైకి 46, హైదరాబాద్‌కు 42. తేడా నాలుగు పాయింట్లు. నవంబరులో ఏడు రోజుల్లో పోయినవి ఆరు. షీల్డ్ ఖాయమైపోయాక ముంబై చివరి రెండు మ్యాచ్‌లూ ఓడింది, అందుకే తేడా నాలుగుకు దిగింది, అసలు తేడా ఇంకా ఎక్కువ అంటారు. నిజమే. కానీ ఆ ఆరు పాయింట్లు మన ఖాతాలో ఉండి ఉంటే ముంబై ఆ రెండు మ్యాచ్‌లనూ తీరిగ్గా ఆడగలిగేదా? మెడ మీద కత్తి ఉండగా ఆడాల్సి వచ్చేది. ఆ సీజన్లో మొదటి 18 మ్యాచ్‌ల్లో ముంబైని ఎవరూ ఓడించలేదు. వరసగా 11 గెలిచి ఊపుమీదున్న ఆ జట్టును 1-1తో ఆపింది మళ్లీ హైదరాబాదే. ముఖాముఖి పోరులో వాళ్లు మనల్ని ఒక్కసారి కూడా గెలవలేదు.

మరి ముంబై ఎందుకు పైన నిలిచింది? లీగ్ దశలో 54 గోల్స్ కొట్టిన జట్టది. ఆ గోల్స్ ఎక్కణ్నుంచి వచ్చాయో చూడండి. ముందటేడు జంషెడ్‌పూర్‌కు షీల్డ్ తెచ్చిపెట్టిన గ్రెగ్ స్టువర్ట్‌ను తెచ్చుకుంది. కేరళను ఫైనల్ దాకా లాక్కొచ్చిన పెరెరా డియాజ్‌ను తెచ్చుకుంది. అప్పటికి ఆ క్లబ్బులో 65 శాతం వాటా మాంచెస్టర్ సిటీ యజమానులైన సిటీ ఫుట్‌బాల్ గ్రూపుది. ఆ సీజన్ ముగిశాక మన ఎడమవైపు డిఫెండర్ ఆకాశ్ మిశ్రా కూడా ముంబైకే వెళ్లాడు. పోటీదారును మైదానంలో ఓడించడం ఒక పద్ధతి, తర్వాతి ఏడాదికి పోటీ లేకుండా చేసుకోవడం ఇంకో పద్ధతి. వాళ్లకు రెండూ చేతనవును. అలాంటి జట్టును నాలుగు నెలలు ఊపిరాడనీయకుండా తరిమారు మనవాళ్లు. దానికి ఒక్క ఫొటో ఫ్రేమ్ కూడా లేదు.

ఫైనల్ వాదులకూ ఓ మాట మిగలాలి. ఒత్తిడిలో నిలబడేవాడే ఛాంపియన్, కట్టిమణి లాంటి రాత్రి పట్టికలో దొరకదు, టీవీ చూసేవాడికి ఓ పతాక సన్నివేశం కావాలి, లేకపోతే ఫుట్‌బాల్‌ను ఎవరు పట్టించుకుంటారు అంటారు. చివరి మాటలో వ్యాపారం ఉంది గనక కాదనలేను. మిగతావాటికి జవాబు 2023 మార్చే చెప్పింది. రెండు సెమీఫైనళ్లూ, ఫైనలూ, మూడూ పెనాల్టీల్లోనే తేలాయి. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ముంబై బెంగళూరు చేతిలో, రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్ మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఇంటిదారి పట్టాయి. మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లు, 180 నిమిషాలకు పైగా ఆట, ఒక్క గోల్ లేదు. ముందటేడు పెనాల్టీ కొట్టే ఆ పన్నెండు గజాల చుక్కే మనకు కప్పు ఇచ్చింది, ఆ ఏడాది అదే లాక్కుంది. దాన్ని గుండె ధైర్యం అనుకోవాలంటే మన ధైర్యం ఏడాదిలో ఎటు పోయినట్టు?

నన్ను నిజంగా కెలికేది ఇది కాదు. మనం నెత్తిన పెట్టుకున్న ఆ 2022 కప్పు సీజన్లో హైదరాబాద్ ఎఫ్‌సీ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కరోనా కారణంగా మొత్తం లీగు గోవాలోనే. దానికి ముందు సీజనూ అంతే. ఇలాంటిది మన ఊరికి ఇది రెండోసారి. 2009లో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచింది గుర్తుందా? ఎన్నికల వల్ల ఆ ఏడాది టోర్నీ అంతా దక్షిణాఫ్రికాకు తరలించారు. గిల్‌క్రిస్ట్ కప్పెత్తింది జొహాన్నెస్‌బర్గ్‌లో. ఉప్పల్‌లో ఒక్క బంతీ పడలేదు. మూడేళ్లు దాటాయో లేదో 2012లో ఆ ఫ్రాంచైజీనే రద్దయిపోయింది. రెండు జట్లు. రెండూ మొదటి సీజన్లో పట్టికలో అట్టడుగున. రెండూ పరాయి గడ్డ మీద కప్పు గెలిచాయి. రెండూ ఇప్పుడు లేవు. పేరులో ఊరుంది, ఊళ్లో జట్టు లేదు.

కప్పు మోజుకు మనం కట్టిన మూల్యం ఇదేనని నా వాదన. ఫైనల్ చూడటానికి టీవీ చాలు, ఎక్కడ ఆడినా ఒకటే. పట్టిక కోసం పోటీ అలా కాదు. దానికి ఒక మైదానం కావాలి, రెండు వారాలకోసారి అక్కడికి వెళ్లే అలవాటు కావాలి, మిడ్‌వీక్ రాత్రి ఏడున్నరకు గచ్చిబౌలి ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వచ్చేవాడు కావాలి. ఆ అలవాటు పడిన ఊరి నుంచి క్లబ్బును ఎత్తుకుపోవడం కష్టం. 2022-23 ఒక్కటే మనకు అలాంటి సీజన్. అది అలవాటుగా మారేలోపే మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు, ఓగ్బెచే వెళ్లిపోయాడు, బకాయిల గొడవలతో ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోనివ్వకుండా నిషేధం పెట్టింది. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు. తర్వాత యజమాని మారాడు, ఆ తర్వాత ఊరే మారింది. జనం స్టేడియానికి రాలేదు కాబట్టే వెళ్లిపోయారని అంటున్నారు. జీతాలందని జట్టును చూడటానికి ఎవరైనా ఎన్నాళ్లొస్తారు?

మనకు ఏడ్చే హక్కు పూర్తిగా లేదన్నది కూడా చెప్పుకోవాలి. 2019లో ఈ క్లబ్బు హైదరాబాద్‌కు వచ్చిందే పుణె సిటీ మూతపడటంతో దాని స్థానంలో. అప్పుడు పుణె అభిమానుల గోడు మనం వినిపించుకోలేదు. కొనేవాడు ఉంటే కదిలిపోయే సరుకని మొదటిరోజే తెలుసు.

ఫుట్‌బాల్ తెలియని ఊరా ఇది? సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చాడు. ఆ పోలీసు జట్టును ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. ఆటగాళ్లు ఇక్కడి ఉద్యోగులు, జీతం ఇక్కడిది. అది కూడా శాశ్వతం కాలేదనుకోండి, ఆట కోసం ఇచ్చే ఉద్యోగాలు తగ్గాక ఆటా తగ్గింది. ఆ రోజుల్లో కూడా గొప్పవాళ్లు కోల్‌కతా రైలెక్కేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టి, చివరిదాకా బెంగాల్లోనే ఉండిపోయాడు. ఆయన పోయింది 2023 ఫిబ్రవరి 16న. ముంబై షీల్డ్ ఖాయం చేసుకున్న వారంలోనే. మన క్లబ్బు జాతీయ లీగులో రెండో స్థానంలో ఉన్న రోజుల్లో.

మన ఊళ్లోని ఇంకో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ కథ ఇంతకంటే చేదు. 2022-23లో కింది లీగైన ఐ-లీగ్‌లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానమే. ఆ రెండేళ్లూ మొదటి స్థానం వాళ్లు పై లీగుకు వెళ్లారు, మొదట పంజాబ్, తర్వాత మొహమ్మదన్. అక్కడ ప్లేఆఫ్ లేదు, పెనాల్టీల వినోదం లేదు. పట్టికే తీర్పు. గెలిచి పైకెక్కాల్సిన జట్టు ఆ పని మైదానంలో చేయబోయి రెండుసార్లు అంచుదాకా వచ్చింది. దాని గురించి తెలుగు పత్రికల్లో ఎన్ని అంగుళాలు వచ్చాయో మీకే తెలుసు.

రేపో మాపో ఇంకో యజమాని వస్తాడు, హైదరాబాద్ పేరు మీద ఇంకో లోగో ఆవిష్కరిస్తాడు, సినిమా తారలొస్తారు. అప్పుడు అడగాల్సింది కప్పు ఎప్పుడు తెస్తావని కాదు. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. అద్దె ఒప్పందం రాసేది ప్రభుత్వమే. కనీసం పదేళ్లు ఊరు దాటి వెళ్లకూడదని, వెళ్తే పేరూ రంగులూ చరిత్రా ఇక్కడే వదిలి వెళ్లాలని, సీజన్ మొదలయ్యే ముందే ఆటగాళ్ల జీతాలకు బ్యాంకు గ్యారంటీ చూపించాలని అందులో మూడు షరతులు రాయడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. వాటికి ఒప్పుకోని యజమాని స్టేడియం తాళాలు అడిగితే ఇవ్వకపోతే సరి.