పాత స్కోప్ లెన్సు సలహాలో నిజమెంత?

"పాత సినిమా హాలు స్కోప్ లెన్సు దొరికితే వదలకండి. ఇంటి ప్రొజెక్టరు ముందు నిలబెడితే చాలు, ఒక్క పిక్సెలూ వృథా కాకుండా స్కోప్ బొమ్మ వస్తుంది. దూరం రింగు ఇన్ఫినిటీ దగ్గర పెట్టి మర్చిపోండి. బొమ్మ ఒరిగితే ప్రొజెక్టరును కాస్త వంచండి. గాజు మసగ్గా ఉంటే పాలిష్ పట్టండి."

ఈ సలహా చాలామంది చేతులు మారింది. ఇందులో నేను ఒప్పుకునేది మొదటి వాక్యం ఒక్కటే.

ముందు పిక్సెళ్ల లెక్క. స్కోప్ అంటే వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లుండే వెడల్పాటి సినిమా బొమ్మ. ఈ లెన్సులు బొమ్మను అడ్డంగా రెండింతలు సాగదీస్తాయి. 35 ఎంఎం స్కోప్ ఫ్రేము దాదాపు చదరం, వెడల్పు ఎత్తుకు 1.195 రెట్లు. సాగితే 2.39, సరిగ్గా సరిపోతుంది. ఇంటి ప్రొజెక్టరులో బొమ్మ తయారయ్యే ప్యానెల్ మాత్రం 16:9. దాన్ని రెండింతలు చేస్తే 3.56 అవుతుంది, అది తెర కాదు, రిబ్బను! సరిచేయాలంటే బొమ్మను ప్యానెల్ మధ్యలో ఇరికించాలి. 1920×1080 ప్యానెల్‌లో అప్పుడు పనికొచ్చేది 1290×1080, అంటే సుమారు 13.9 లక్షల పిక్సెళ్లు. లెన్సు లేకుండా పైనా కిందా నల్లపట్టీలతో చూస్తే 1920×803, అంటే 15.4 లక్షలు. లెన్సు పెట్టి నష్టపోయామన్నమాట. వెలుతురూ అంతే, 74 శాతం ప్యానెల్ వాడుకునేది 67కి పడిపోతుంది. 16:9కి కావాల్సింది 1.33 రెట్లు సాగదీసే లెన్సు. పాత 4:3 ప్రొజెక్టరుకైతే రెండింతల లెన్సు నిజంగానే లాభం, అది ఒప్పుకోవాలి.

దూరం రింగును ఇన్ఫినిటీలో, అంటే అతి దూరానికి ఫోకస్ అయ్యే గుర్తు దగ్గర, వదిలేయమనే మాట ఇంకా ప్రమాదం. స్కోప్ లెన్సులోని సిలిండర్ గాజులు అడ్డం దిశలోనే పనిచేస్తాయి. అందుకే అడ్డగీతల ఫోకస్ ప్రొజెక్టరు సొంత లెన్సుది, నిలువు గీతల ఫోకస్ స్కోప్ లెన్సు రింగుది. హాల్లో తెర చాలా దూరం కాబట్టి రింగు ఇన్ఫినిటీకి దగ్గర్లో ఉన్నా నడిచిపోతుంది. నాలుగు మీటర్ల గదిలో నడవదు. అడ్డగీతలు కత్తిలా ఉంటాయి, నిలువు గీతలు అలుక్కుపోతాయి. చాలామంది అప్పుడు ప్రొజెక్టరు ఫోకస్‌నే అటూ ఇటూ తిప్పి, రెండూ సగం సగం కుదిరిన చోట ఆగి "పాత లెన్సు కదా, అంతే" అనుకుంటారు. ముందు ప్రొజెక్టరుతో అడ్డగీతలు, తర్వాత రింగుతో నిలువు గీతలు సరిచేయాలి. రింగు అంత దగ్గరికి రాకపోతే దారి ఉంది: రెండు లెన్సులనూ ఇన్ఫినిటీలో పెట్టి, స్కోప్ లెన్సుకు ముందువైపు 0.25 డయాప్టర్ (గాజు పవరు కొలత) ప్లస్ గ్లాసు బిగిస్తే నాలుగు మీటర్ల దగ్గర ఫోకస్ అవుతుంది.

ప్రొజెక్టరును వంచమనడం లెన్సు పనితీరు తెలియక చెప్పిన మాట. స్కోప్ లెన్సు ఒక డిగ్రీ తిరిగితే నిలువు గీత ఒకవైపు సుమారు ఒక డిగ్రీ, అడ్డగీత దానికి ఎదురు వైపు అర డిగ్రీ ఒరుగుతాయి. ప్రొజెక్టరును వంచితే రెండూ ఒకే వైపు కదులుతాయి, కాబట్టి ఒకటి సరైతే రెండోది చెడుతుంది. తిప్పాల్సింది లెన్సునే, బిగింపు వదులు చేసి.

ఇక పాలిష్. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. ఒక పొర పూత దాన్ని 1.5 శాతం దగ్గరికి తెస్తుంది. పాలిష్‌తో ఆ పూత పోతుంది, దాంతోపాటు సిలిండర్ వంపూ చెడుతుంది. మసక చాలాసార్లు గాజుది కాదు, లోపల అతికించిన పాత జిగురుది. దాన్ని బయటి నుంచి ఎంత రుద్దినా లాభం లేదు.

లోపలికి వెళ్లక తప్పదనుకుంటే, విప్పకముందే ముందువైపు గాజుకూ వెనకవైపు గాజుకూ లెన్సు తొడుగు మీద సన్నటి గీతతో గుర్తు పెట్టండి. రెండు సిలిండర్ల అక్షాలు ఒకదానికొకటి కాస్త పక్కకు పోతే, తర్వాత ఏ రింగు తిప్పినా ఆ మసక పోదు. గ్రీజు గట్టిపడిన రింగును బలవంతంగా తిప్పకండి. చాలావాటిలో గాజు తిరగకుండా పట్టుకునే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది, ముందు విరిగేది అదే.